పెద్దప్రేగు పరీక్షకు తూనికరాయి

(తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతముల తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



నేడు నేను ప్రసంగింపదలచిన విషయము సభలలో సాధారణముగా చర్చకు రానిది. మలద్వారము గుండ సన్నని గొట్టమును పంపి పెద్దప్రేగు లోపలి భాగమును చూచు పరీక్షను, అనగా కొలనోస్కోపీని గురించి నాలుగు మాటలు మనవి చేసెదను. ఇది నలుగురిలో చెప్పుకొనరానిదని మన ఇండ్లలో పలువురు దాచుదురు. స్త్రీలు మరింతగా దాచుదురు. మలముతో నెత్తురు పడినచో మొలలని తామే నిర్ణయించుకొని, ఏదో లేపనము వ్రాసికొని, నెలలు గడుపుదురు. దాచినకొలది రోగము ముదురును.

ఐనను "పరీక్ష చేయించుకొనుడు" అను హితవు చెప్పుటకే నేను రాలేదు. పరీక్ష చేయించుకొని, "అంతయు బాగున్నది" అను కాగితమును చేతబట్టుకొని ఇంటికి వచ్చినవారిని గురించి ఆలోచింపుడు. ఆ మాట ఎంతవరకు నమ్మదగినది? అంగడిలో బియ్యము కొనునపుడు తూనికరాతిపై ప్రభుత్వముద్ర ఉన్నదా యని చూచు మనము, ప్రాణముతో ముడివడిన ఈ పరీక్షకు తూనికరాయి యేదని యెన్నడైన అడిగితిమా? ఆ రాయి కలదనియు, దానిని వాడినచోట పరీక్షలు మెరుగుపడినవనియు, ఆ మెరుగులో కొంత భాగము మన ఇంటిలోనే ఆరంభము కావలెననియు చెప్పుట నా ఉద్దేశము.

మొదట పరీక్ష యెట్టిదో తెలిసికొందము. పెద్దప్రేగు సుమారు ఐదడుగుల పొడవు గలది. కొందరికి దాని లోపలి పొరపై పులిపిరుల వంటి చిన్న కండలు పుట్టును. వీనికి పాలిప్పులని పేరు. వీనిలో అడినోమా అను జాతి క్రమముగా, తరచు పదియేండ్లకు పైబడిన కాలములో, క్యాన్సరుగా మారవచ్చును. అన్నియు మారవు, కాని ఏది మారునో ముందుగా చెప్పుట కష్టము. కావున కనబడిన దానిని అప్పుడే తీసివేయుట మేలు. 1969లో న్యూయార్కు నగరమున విలియం ఉల్ఫ్, హిరోమీ షిన్యా అను వైద్యులు, కడుపు కోయకుండ, ఈ గొట్టము ద్వారానే తీగ ఉచ్చు వేసి పాలిప్పును తీయు పద్ధతిని ఆరంభించిరి. నాటినుండి ఈ పరీక్ష రోగమును కనుగొనుటకే కాక రోగమును రాకుండ ఆపుటకును సాధనమయ్యెను. పాలిప్పులు తీయించుకొన్నవారిలో, రావచ్చునని లెక్కవేసిన క్యాన్సర్లలో 76 నుండి 90 శాతము వరకు రాలేదని 1993లో అమెరికా వైద్యులు ప్రకటించిరి.

ఇంత మేలు చేయు పరీక్షలో లోపమెక్కడ? చూచిన దానిని తీయవచ్చును. చూడని దానిని తీయలేము. ప్రేగు ముడుతలతో, మలుపులతో కూడియుండును. ముడుత వెనుక దాగిన పాలిప్పును చూడకుండ పోవుట సులభము. రోగికి నొప్పి లేదు, వైద్యునికి అనుమానము లేదు, కాగితముపై తప్పు లేదు. రెండు మూడేండ్ల తరువాత అదేచోట క్యాన్సరు బయటపడునప్పుడే లోపము తెలియును. అప్పటికి ఆ రోగి వేరొక ఆసుపత్రిలో ఉండును గనుక మొదట చూచిన వైద్యునికి ఆ సంగతి చేరకపోవచ్చును. తన తప్పు తన కంటబడని పనిలో అనుభవము పెరిగినంత మాత్రమున నేర్పు పెరుగదు. కొలతకు అవసరము ఇచ్చటనే ఏర్పడినది.

2006లో అమెరికాలోని రాక్‌ఫర్డ్ అను పట్టణమున ఒకేచోట పనిచేయు 12 మంది వైద్యుల పరీక్షలను లెక్కించి చూచిరి. వారందరు శిక్షణ పొందినవారే. ఐనను ఒకరికి నూటికి 9 మంది రోగులలో అడినోమాలు కనబడగా మరియొకరికి నూటికి 32 మందిలో కనబడినవి. రోగులలో ఇంత భేదముండదు. చూచిన కన్నులలోనే భేదము. గొట్టమును చివరి వరకు పంపి, వెనుకకు తీయుచు ప్రేగు గోడలను పరికించుటకు ఒకరు సగటున మూడు నిమిషములు వెచ్చింపగా ఇంకొకరు పదునారు నిమిషములకు పైగా వెచ్చించిరి. ఆరు నిమిషములు, అంతకుమించి చూచినవారికి 28.3 శాతము మందిలోను, అంతకన్న త్వరగా ముగించినవారికి 11.8 శాతము మందిలోను పెరుగుదలలు కనబడినవి.

కనబడినంత మాత్రమున రోగికి మేలు కలిగెనా యని అడుగవచ్చును. ఆ ప్రశ్నకు 2010లో పోలండు దేశమునుండి సమాధానము వచ్చినది. 186 మంది వైద్యులు 45,026 మందికి చేసిన పరీక్షలను అచ్చట పరిశీలించిరి. నూటికి 20 మందికి తక్కువగా అడినోమాలు కనుగొను వైద్యుల వద్ద పరీక్ష చేయించుకొన్నవారికి, తరువాతి పరీక్ష గడువులోపల క్యాన్సరు వచ్చు ప్రమాదము, 20కి పైగా కనుగొనువారి రోగులతో పోల్చినచో పది రెట్లకు మించి ఉండెను. 2014లో కాలిఫోర్నియాలో మూడు లక్షలకు పైబడిన పరీక్షల లెక్క వెలువడినది. వైద్యుని అడినోమా గుర్తింపు ఒక శాతము పెరిగినకొలది రోగికి క్యాన్సరు ప్రమాదము మూడు శాతము తగ్గునని అందు తేలినది. ఈ గుర్తింపు శాతమే నేను చెప్పిన తూనికరాళ్లలో ముఖ్యమైనది.

తక్కినవి నాలుగు కలవు. మొదటిది ప్రేగు శుభ్రత. బోస్టన్ కొలమానము ప్రకారము పెద్దప్రేగును మూడు భాగములుగా చేసి ఒక్కొక్క భాగమునకు సున్న నుండి మూడు వరకు గుణములు వేయుదురు. మొత్తము తొమ్మిది. ప్రతి భాగమునకును రెండైన రావలెను. రెండవది, గొట్టము పెద్దప్రేగు మొదలు వరకు, అనగా చిన్నప్రేగు వచ్చి కలియు సీకము అను చోటి వరకు చేరుట. దానికి సాక్ష్యముగా ఛాయాచిత్రము తీయవలెను. మూడవది, వెనుకకు తీయుచు చూచుటకు పట్టిన కాలము. నాలుగవది, ప్రేగునకు రంధ్రము పడుట, నెత్తురు కారుట మొదలగు ప్రమాదముల లెక్క. 2024లో అమెరికా వైద్య సంఘములు ఈ ప్రమాణములను మరల సవరించి, చూచు కాలము కనీసము ఎనిమిది నిమిషములుగను, సీకము చేరుట నూటికి 95గను, గుర్తింపు శాతము 35గను నిర్ణయించినవి.

కొలిచినంత మాత్రమున పని బాగుపడునా? ఇంగ్లండు కథ వినుడు. అచ్చట మూడు ప్రాంతములలో జరిగిన 9,223 పరీక్షల లెక్కను 2004లో ప్రకటించిరి. సీకము చేరితిమని వైద్యులు వ్రాసినది 76.9 శాతము, తగిన ఆధారము చూపగలిగినది 56.9 శాతము మాత్రమే. తమ మొదటి నూరు పరీక్షలను గురువు సమక్షమున చేసినవారు నూటికి 17 మందియే. 769 పరీక్షలకొకటి చొప్పున ప్రేగునకు రంధ్రము పడినది. ఆ దేశము ఈ అంకెలను దాచలేదు. శిక్షణ కేంద్రములను స్థాపించిరి. ప్రతి వైద్యుడు తన లెక్కను తాను చూచుకొను ఏర్పాటు చేసిరి. తక్కువ వచ్చినవారిని వెలివేయక మరల నేర్పించిరి. 2011లో దేశమంతట రెండు వారములపాటు జరిగిన 20,085 పరీక్షలను మరల లెక్కించినపుడు సీకము చేరుట 92.3 శాతమయ్యెను, రంధ్రము పడుట 2,500 పరీక్షలకొకటిగా తగ్గెను. అట్లే పోలండులో తమ గుర్తింపు శాతమును పెంచుకొన్న వైద్యుల రోగులలో క్యాన్సరు మూడవవంతుకు పైగా తగ్గినదని 2017లో తెలిసినది. నేర్పు పుట్టుకతో వచ్చునది కాదు, నేర్పవచ్చును, పెంచవచ్చును.

కాని కొలత దైవము కాదు. 2008లో ఇట్టి రెండు ప్రయత్నముల ఫలితములు వెలువడినవి. రాక్‌ఫర్డ్ వైద్యులు రెండు నిమిషములకొకసారి గంట మ్రోగు గడియారమును పెట్టుకొని, ప్రేగు భాగములను వరుసగా, తొందరలేక చూచిరి. వారి గుర్తింపు 23.5 నుండి 34.7 శాతమునకు పెరిగెను. బోస్టన్ నగరపు ఆసుపత్రి యొకటి ఏడు నిమిషములు తప్పక చూడవలెనని ఆజ్ఞ చేసెను. ఆజ్ఞను ఇంచుమించు అందరు పాటించిరి. కాని పాలిప్పుల గుర్తింపు మాత్రము పెరుగలేదు. గడియారము చూచుట వేరు, ప్రేగు చూచుట వేరు. అంకె కొరకు పనిచేసినచో అంకె మిగులును; రోగి కొరకు పనిచేయుచు అంకెను అద్దముగా వాడుకొన్నచో పని మెరుగుపడును.

ఇంకొక జాగ్రత్త. పరదేశపు అంకెలను యథాతథముగా మన వైద్యులపై మోపరాదు. అచ్చటివి ఎక్కువభాగము ఆరోగ్యవంతులకు ముందుజాగ్రత్తగా చేసిన పరీక్షల లెక్కలు. మన దేశమున నెత్తురు పడుట, విడువని విరేచనములు, కడుపునొప్పి మొదలగు బాధలతో వచ్చినవారికే పరీక్ష హెచ్చుగా జరుగును. పాలిప్పులును మనలో పాశ్చాత్యులకన్న తక్కువ. కనుక 35 శాతము రాలేదని మన వైద్యుని తప్పుపట్టుట న్యాయము కాదు. పైగా సీకమును, దానిని అంటిన చిన్నప్రేగు చివరి భాగమును క్షయ, క్రోన్స్ వ్యాధులు పట్టుట మన దేశమున ఎరిగినదే. కావున సీకముతో ఆగక ఆ చిన్నప్రేగులోనికి తొంగిచూచుట ఇచ్చట మరింత విలువైనది. గుర్తింపు శాతము దేశమునుబట్టి మారవచ్చును. శుభ్రత, సీకము, కాలము, ప్రమాదముల లెక్క మాత్రము ఏ దేశమునకైన ఒక్కటే.

మనవారికి నేర్పు లేదనరాదు. కర్నూలు వైద్య కళాశాలలోను, మద్రాసు వైద్య కళాశాలలోను, చండీగఢ్‌లోను చదివిన డాక్టర్ డి. నాగేశ్వర రెడ్డి హైదరాబాదులో స్థాపించిన ఉదరవ్యాధుల సంస్థకు విదేశ వైద్యులును వచ్చి నేర్చుకొనుచున్నారు. 2025లో వారికి పద్మవిభూషణ్ లభించినది. నేర్పు కలదు. కొలచిన లెక్కను రోగికి చెప్పు ఆచారము మాత్రము ఇంకను అంతటా వ్యాపింపలేదు. ఆ ఆచారము అడుగువారు ఉన్నప్పుడే పాదుకొనును.

ఇక మన ప్రాంతపు సంగతి. తిరువళ్ళూరులో వెలసిన వీరరాఘవస్వామి వైద్యుడని ప్రసిద్ధి. అమావాస్యనాడు రోగశాంతి కోరి వచ్చు భక్తులు పుష్కరిణిలో బెల్లము వేసి, బెల్లమువలె తమ వ్యాధి కరుగవలెనని మ్రొక్కుదురు. మ్రొక్కు వలదని నేననను. మ్రొక్కుతోబాటు పరీక్షయు కావలెనందును. 2022 జనవరి 12న తమిళనాట ప్రారంభమైన 11 ప్రభుత్వ వైద్య కళాశాలలలో తిరువళ్ళూరు కళాశాల యొకటి. ఐనను ఈ పరీక్షకు మనవారిలో పలువురు చెన్నపట్టణమునకో, వేలూరునకో, తిరుపతికో పోవుదురు. చిక్కు ఇచ్చటనే ఉన్నది.

ప్రేగును శుభ్రపరచు మందును ఒకేసారి త్రాగుటకన్న రెండు భాగములు చేసి, సగము ముందునాటి రాత్రి, సగము పరీక్షకు నాలుగైదు గంటల ముందు త్రాగుట మేలని రుజువైనది. రాత్రియే అంతయు త్రాగినచో తెల్లవారులోగా చిన్నప్రేగు నుండి జారిన జిగట పెద్దప్రేగు మొదటి భాగమును మరల కప్పివేయును. ఉదయము తొమ్మిది గంటలకు చెన్నపట్టణమున పరీక్ష అనుకొనుడు. తిరుత్తణి వృద్ధుడు తెల్లవారుజామున నాలుగింటికి మందు త్రాగి రైలెక్కుట ఎట్లు? దారిలో బాధపడుదునను భయముతో రాత్రియే ముగించును, లేదా సగము పారబోయును. పరీక్ష అరకొరయగును. దీనికి ఉపాయము కష్టమైనది కాదు. దినము నిర్ణయించునపుడే, "మేము దూరమునుండి వచ్చువారము, మధ్యాహ్నపు వేళ ఇప్పింపుడు" అని అడుగవచ్చును. లేదా ముందునాడే నగరమున బంధువుల ఇంట బసచేయవచ్చును.

రెండవ చిక్కు భాష. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి విడివడి మద్రాసు రాష్ట్రమున చేరినది. అంతకు ముందు ఇచ్చట తెలుగు బడిలో అక్షరములు దిద్దిన బాలురు నేడు డెబ్బది దాటిన పెద్దలు. ఈ పరీక్ష అవసరము హెచ్చుగా ఉండు వయస్సును ఇంచుమించు అదియే. తిరుత్తణి, పళ్లిపట్టు, పొదటూరుపేటలలోని అట్టి పెద్దలు తమిళము చక్కగా మాటలాడుదురు. కాని అందరు దానిని తడుముకొనక చదువలేరు. ఆసుపత్రి ఇచ్చు సూచనల కాగితము తమిళములోనో, ఆంగ్లములోనో ఉండును. "రెండవ భాగము ఎప్పుడు" అను ఒక్క వాక్యము అర్థము కానిచో పైన చెప్పిన కొలతలన్నియు నీటిపాలు. వైద్యుడెంత నేర్పరియైనను మురికి కప్పిన ప్రేగులో పాలిప్పును చూడలేడు.

కావున గృహిణులకును, యువకులకును నా మనవి. పెద్దలకు ఆ కాగితమును తెలుగున చదివి వినిపింపుడు. వేళలను పెద్ద అక్షరములతో వ్రాసి గోడకంటింపుడు. ముందునాడు ఆకుకూరలు, పప్పుదినుసులు, రాగిసంకటి, నువ్వులు, జామ వంటి గింజల పండ్లు పెట్టవలదు. తెల్లని అన్నము, ఇడ్లీ, వడగట్టిన చారు వంటి తేలికయైన ఆహారము చాలును. ఎప్పుడు మానవలెనో ఆసుపత్రివారు చెప్పినట్లు చేయుడు. ఎర్రని పానీయములు వలదు. అవి లోపల నెత్తురని భ్రమ కలిగించును. ఇనుపధాతువు మాత్రలను కొన్ని దినములు ముందుగా మానవలసియుండును. మధుమేహమునకు, గుండెకు, నెత్తురు పలుచబడుటకు మందులు వాడువారును, మూత్రపిండముల వ్యాధి గలవారును తమంతట తాము ఏదియు మానరాదు, మార్చరాదు. వైద్యుని ముందుగా అడుగవలెను.

పరీక్ష ముగిసిన పిదప వినయముతో నాలుగు ప్రశ్నలు వేయుడు. ప్రేగు శుభ్రముగా ఉండెనా, గుణములెన్ని? సీకము వరకు చేరితిరా, చిత్రము కలదా? వెనుకకు తీయుచు ఎంతసేపు చూచితిరి? తీసిన కండను ప్రయోగశాలకు పంపితిరా, మరల పరీక్ష ఎప్పుడు? ఇది వైద్యుని శంకించుట కాదు. మంచి వైద్యుడు సంతోషముతో చెప్పును; ఆయన గర్వింపదగిన సంగతులవి. ప్రేగు శుభ్రముగా లేదని తెలిసినచో, "బాగున్నది" అను మాటతో తృప్తిపడక, మరల ఎప్పుడు చేయవలెనో అడిగి తెలిసికొనుడు.

మన దేశమున నోటి, రొమ్ము, గర్భాశయముఖ క్యాన్సర్లకు ప్రభుత్వపు ముందస్తు పరీక్షలు కలవు. పెద్దప్రేగునకు అట్టి దేశవ్యాప్తమైన ఏర్పాటు లేదు. కావున మనకు మనమే మేలుకొనవలెను. మలమున నెత్తురు, కారణము తెలియని రక్తహీనత, క్రొత్తగా మారిన విరేచనపు అలవాటు, తగ్గుచున్న బరువు, వీనిలో ఏది కనబడినను మొలలని సరిపెట్టుకొనరాదు. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో ఈ క్యాన్సరు వచ్చియుండినచో, బాధ లేకున్నను నలుబదియేండ్లకే వైద్యుని సలహా పొందవలెను.

చివరగా ఒక ప్రతిపాదన. ఆసుపత్రుల సూచనలను వైద్యులచేత సరిచూపించి, సులభమైన తెలుగున, పెద్ద అక్షరములతో ఒక పుటగా అచ్చువేసి ఇంటింటికి పంచవచ్చును. ఇందుకు గొప్ప ధనము అక్కరలేదు. ఒక వైద్యుడు, ఒక ఉపాధ్యాయుడు, ఒక ముద్రాపకుడు చాలుదురు. భాషాభిమానమును మనము సభలలో చాటుకొనుచున్నాము. తెల్లవారుజామున నాలుగింటికి దీపము వెలిగించి, మందు గ్లాసు చేతబట్టిన పెద్దకు అర్థమగు తెలుగు వాక్యమొకటి అందించుటయు ఆ అభిమానములోనిదే.